గేటు దగ్గర చెప్పిన అంకె: ఒక సిమెంట్ ఫ్యాక్టరీ వేతన ఒప్పందంపై కేస్ స్టడీ

కడపలో లేబర్ కేసులు చూసే లాయరుగా, కార్మిక సంఘాలకు సలహాదారుగా ఇరవై ఏళ్లకు పైగా పని చేస్తున్నాను. వేతన ఒప్పందాల చర్చల్లో సంఘం వైపు చాలాసార్లు కూర్చున్నాను. వాటిలో ఈ ఒక్కటి రాసిపెట్టాలనిపించింది. ఇందులో మేం పద్నాలుగు నెలలు ఒక అంకె చుట్టూనే తిరిగాం. చివరి దశలో ఆరు వందల రూపాయల తేడా మీద రెండు నెలలు గడిపాం. అదే సమయంలో, నాలుగేళ్లలో కార్మికుడికి నెలకు ఏడు వందలకు పైగా నష్టం చేయగల వాక్యం ఒకటి మా చేతిలో ఉన్న ముసాయిదాలోనే ఉంది. దాన్ని నేను రెండుసార్లు చదివాను, గమనించలేదు. పట్టుకున్నది ప్యాకింగ్ ప్లాంటు కార్మికుడు.

ఫ్యాక్టరీ ఏదో తెలియకుండా ఉండటానికి మనుషుల వివరాలు, కొన్ని అంకెలు మార్చాను. లెక్కల మధ్య సంబంధం చెడకుండా చూసుకున్నాను. చట్టం, గణితం మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

నేపథ్యం

మన వైపు సున్నపురాయి నేల ఎక్కువ. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, తాడిపత్రి, కొలిమిగుండ్ల దాకా సిమెంట్ ఫ్యాక్టరీలు అందుకే వచ్చాయి. ఈ కేసు అలాంటి ఒక ఫ్యాక్టరీది. పర్మినెంట్ కార్మికులు నాలుగు వందల పైచిలుకు, కాంట్రాక్టు కార్మికులు అంతకంటే ఎక్కువ. రెండు సంఘాలు. రహస్య బ్యాలెట్‌లో గెలిచి గుర్తింపు పొందిన సంఘం నన్ను పిలిచింది. రెండోది చిన్నది, కానీ గొంతు పెద్దది.

పాత ఒప్పందం నాలుగేళ్లది. మార్చి నెలాఖరుకు గడువు తీరింది. సంఘం ముందుగానే రెండు నెలల నోటీసు ఇచ్చి, కొత్త డిమాండ్ల పత్రం పెట్టింది. ఏప్రిల్ రాగానే ఫ్యాక్టరీలో ఒక పుకారు లేచింది: ఒప్పందం అయిపోయింది కాబట్టి డి.ఏ. (ధరలు పెరిగేకొద్దీ ఇచ్చే కరువు భత్యం), క్యాంటీన్ సబ్సిడీ అన్నీ ఆపేస్తారని. నేను మొదట చేసిన పని ఈ భయం తీర్చడం. అప్పుడు అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం, 1947లోని 19వ సెక్షన్ ప్రకారం గడువు తీరినంత మాత్రాన ఒప్పందం తనంతట తాను రాలిపోదు. ఒక పక్షం రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి రెండు నెలలు గడిచేదాకా అది ఇద్దరినీ కట్టిపడేస్తుంది. ఆ తర్వాత కూడా, కొత్తది కుదిరేలోపు పాత షరతులను యాజమాన్యం ఇష్టం వచ్చినట్టు మార్చడానికి లేదు. మార్చాలంటే 9ఏ సెక్షన్ కింద 21 రోజుల నోటీసు ఇవ్వాలి.

ఇలాంటి ఏర్పాటు వేరే దేశాల్లోనూ ఉంది. అమెరికాలో విమాన పైలట్ల ఒప్పందాలు 1926 నాటి రైల్వే లేబర్ చట్టం కిందికి వస్తాయి. 1936లో దాన్ని విమాన సంస్థలకూ వర్తింపజేశారు. అక్కడ ఒప్పందం గడువు తీరితే అది సవరణకు వచ్చినట్టు లెక్క, రద్దయినట్టు కాదు. అందుకే పైలట్లు కొత్త ఒప్పందం కోసం ఏళ్ల తరబడి బేరమాడుతూ పాత జీతం మీదే విమానాలు నడుపుతుంటారు. నేను ఈ సంగతి సంఘం కమిటీకి చెప్పింది ఒక హెచ్చరికగా. పాత షరతులు నిలబడటం మనకు రక్షణే, కానీ ఆలస్యం వల్ల యాజమాన్యానికి నష్టం లేకుండా పోయేదీ దానివల్లే. ఎంత సాగదీస్తే అంతకాలం వాళ్లు పాత జీతమే ఇస్తారు. కాబట్టి ఒప్పందం ఏ తేదీ నుంచి అమలవుతుందన్నది మొదటి రోజు నుంచే చర్చలో ఉండాలి. ఈ ఒక్క విషయంలో మేం మొదట్నుంచీ గట్టిగా నిలబడ్డాం.

నా దగ్గరకు వచ్చేసరికి

నన్ను పిలిచేటప్పటికే మూడు విడతల చర్చలు జరిగిపోయాయి. సంఘం నెలకు పది వేల పెంపు అడిగింది. యాజమాన్యం నాలుగు వేలు అంది. ఈ రెండు అంకెల మధ్య దూరం పెద్ద సమస్య కాదు. ప్రతి చర్చా అలాగే మొదలవుతుంది. అసలు సమస్య గేట్ మీటింగ్‌లో జరిగింది. సంఘం అధ్యక్షుడు మైకు పట్టుకుని, "పది వేలకు ఒక్క రూపాయి తగ్గినా సంతకం పెట్టను" అని అందరి ముందూ మాట ఇచ్చాడు.

ఆయన నిజాయితీపరుడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్కరోజు కూడా యాజమాన్యం కారు ఎక్కని మనిషి. ఆ మాట ఎందుకు ఇచ్చాడో నాకు అర్థమైంది. రెండో సంఘం వాళ్లు ఆయన అమ్ముడుపోతాడని ప్రచారం చేస్తున్నారు. ఆ నోరు మూయించడానికి అంకె చెప్పాడు. మన వైపు గేటు దగ్గర ఇచ్చిన మాట తప్పితే రేపు ఊర్లో తలెత్తుకు తిరగలేరు. ఆయన నాతో ఒకటే అన్నాడు: "సార్, గేటు కాడ మాట ఇచ్చినా. ఇప్పుడు ఎనక్కి ఎట్ల పోతా?"

ఆ మాట నా బుర్రలో చాలా రోజులు తిరిగింది. ఆయన్ని తగ్గమని అడగడం నా పని కాదని అప్పుడే నిర్ణయించుకున్నాను. మాట తీసుకున్నవాళ్లు కార్మికులు. దాన్ని విడిపించగలిగేది కూడా వాళ్లే. కానీ ఎలా విడిపించాలో ఆ రోజు నాకు తెలియదు.

మొదటి ప్రయత్నం: పక్క ఫ్యాక్టరీల లెక్కలు

నా అలవాటు కొద్దీ పోలిక పట్టిక తయారు చేశాను. చుట్టుపక్కల ఐదు ఫ్యాక్టరీల ఒప్పందాలు సంపాదించి, ఎక్కడ ఎంత పెరిగిందో, ఎన్నేళ్లకు పెరిగిందో వరుసగా రాశాను. లెక్క ముందు పెడితే మాట లెక్క మీదకు వస్తుందని నా ఆలోచన.

అది పనిచేయలేదు. యాజమాన్యం తన పట్టిక తెచ్చింది, అందులో వేరే ఐదు ఫ్యాక్టరీలు. తర్వాత రెండు విడతలు ఏ ఫ్యాక్టరీ మనకు సమానం అన్న వాదనకే సరిపోయాయి. ఒకదాని కిల్న్ (సున్నపురాయిని కాల్చే కొలిమి) కొత్తది, ఒకదానికి సొంత కరెంటు ఉంది, ఒకదానికి గని గేటు పక్కనే ఉంది. దీనికంటే పెద్ద నష్టం సంఘం లోపల జరిగింది. నా పట్టికలో రెండు ఫ్యాక్టరీల్లో పెంపు ఆరు వేల లోపే ఉంది. నేను నిజాయితీగా వాటినీ పెట్టాను. కమిటీలో ఒకరిద్దరికి నేను తక్కువ అంకెకు దారి వేస్తున్నానన్న అనుమానం వచ్చింది. పోలిక పట్టిక సలహాదారు దగ్గర ఉండాలి, నిజమే. దాన్ని బల్ల మీద పెట్టే ముందు సంఘం కమిటీతో కూర్చుని, ఏ ఫ్యాక్టరీ ఎందుకు మనకు సమానమో వాళ్ల నోటితోనే చెప్పించుకోవాలి. నేను ఆ మెట్టు దాటేశాను.

రెండో ప్రయత్నం: సమ్మె నోటీసు

జూలైలో కమిటీ సమ్మె నోటీసు ఇద్దామంది. కుర్రవాళ్లు కొందరు ఏకంగా కిల్న్ ఆపేద్దామన్నారు. కిల్న్ విషయంలో నేను గట్టిగా అడ్డుపడ్డాను. లోపల 1,400 డిగ్రీల పైన మండుతున్న కిల్న్‌ను ఉన్నట్టుండి ఆపితే లోపలి ఇటుక పూత పగులుతుంది. మళ్లీ వేడెక్కించి దారిలోకి తేవడానికి రోజులు పడుతుంది, ఇటుక మార్చాల్సి వస్తే వారాలు. ఆ నష్టం చూపించి యాజమాన్యం కేసులు పెడుతుంది, సస్పెన్షన్లు ఇస్తుంది, చర్చ జీతం నుంచి క్రమశిక్షణ మీదకు పోతుంది. ఒత్తిడి పెట్టాలంటే ప్యాకింగ్, లోడింగ్ చాలు. ఈ వాదనకు కిల్న్ ఆపరేటర్లే నాకు మద్దతు పలికారు. ఆ యంత్రం వాళ్ల చేతుల్లో పెరిగింది మరి.

నోటీసుకు మాత్రం ఒప్పుకున్నాను. కారణం సమ్మె మీద ఆశ కాదు. సిమెంట్ కేంద్ర ప్రభుత్వ పరిధిలోకి వచ్చే పరిశ్రమ. కేంద్ర లేబర్ శాఖ రాజీ అధికారి రంగంలోకి దిగితే 33వ సెక్షన్ రక్షణ వస్తుంది, వివాదంలో ఉన్న షరతులను ఆ సమయంలో మార్చడానికి వీలుండదు. పైగా ఒప్పందం కుదిరినప్పుడు ఆ అధికారి ముందు సంతకాలు చేయించుకోవచ్చు. దాని విలువ తర్వాత చెప్తాను. సిమెంట్ పారిశ్రామిక వివాదాల చట్టం మొదటి షెడ్యూలులో ఉండేది, ప్రభుత్వం ఎప్పుడైనా దాన్ని ప్రజోపయోగ సేవగా ప్రకటించే వీలుండేది. అందుకని ముందుజాగ్రత్తగా 14 రోజుల గడువు పెట్టే నోటీసు ఇచ్చాం. నోటీసు లేకుండా పదిమంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ కలిసి పని మానేస్తే, అప్పటి జీతాల చెల్లింపు చట్టం ప్రకారం ఎనిమిది రోజుల జీతం దాకా కోసే అవకాశం ఉండేది. ఆ సంగతి కూడా గేట్ మీటింగ్‌లో చదివి వినిపించాం.

ఇంత జాగ్రత్త పడి అసలైన తప్పు చేశాం. నెల చూసుకోలేదు. వానలు పడే రోజుల్లో ఇళ్ల పనులు తగ్గుతాయి, సిమెంట్ కదలదు. సిమెంట్ నిల్వ చేసే సైలోలు నిండి ఉంటాయి. ఏటా కిల్న్ ఆపి ఇటుక మార్చే పని కూడా ఆ నెలల్లోనే పెట్టుకుంటారు. జూలైలో మేం ఇచ్చిన నోటీసు వాళ్లకు పెద్దగా తగల్లేదు. రాజీ అధికారి పిలిచిన సమావేశాలకు నిర్ణయం తీసుకునే అధికారం లేని జూనియర్ ఆఫీసర్లను పంపారు. వాళ్లు ప్రతిసారీ "పైవాళ్లకు చెప్తాం" అని లేచిపోయారు. మూడు నెలలు అలా గడిచాయి. అదే నోటీసు జనవరిలో ఇచ్చి ఉంటే, మార్చి డెస్పాచుల ఒత్తిడిలో పెద్దవాళ్లే దిగివచ్చేవారు. ఈ పరిశ్రమలో పుట్టి పెరిగిన కమిటీ సభ్యులకు ఇది తెలుసు. నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. చట్టం సంగతి లాయరుకు వదిలేద్దామని వాళ్లు, ఫ్యాక్టరీ సంగతి వాళ్లు చూసుకుంటారని నేను అనుకున్నాం.

ఈ మధ్యలో హెచ్.ఆర్. పెద్ద నన్ను ఒంటరిగా గెస్ట్ హౌస్‌కు రమ్మని ఫోన్ చేశాడు. మాట్లాడే ఉద్దేశం మంచిదే కావచ్చు. వెళ్లలేదు. సంఘం లాయరు కారు గేటు లోపలికి పోతే సాయంత్రానికి ఫ్యాక్టరీ అంతా ఒకటే మాట ఉంటుంది. కడపలో నా ఆఫీసుకు రమ్మన్నాను, సంఘం కార్యదర్శిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆయన వచ్చాడు. ఆ గంటలో తెలిసిన సంగతి ఏమిటంటే, యాజమాన్యం ఆరున్నర వేల దాకా రావడానికి సిద్ధంగా ఉంది. అందులో బేసిక్‌లో కలిసేది పదిహేను వందలే, మిగిలిన ఐదు వేలు స్పెషల్ అలవెన్స్.

మూడు పేస్లిప్పులు

ఇక్కడి నుంచి దారి మారింది. ఆ ఆఫర్ వినగానే అధ్యక్షుడు మొత్తం అంకె చూసి కొట్టిపారేశాడు. నేను ఆ అంకె లోపలికి చూశాను. ఆరున్నర వేలు అన్నది ఎవరికి ఎంత? కమిటీని అడిగి ముగ్గురు కార్మికుల పేస్లిప్పులు తెప్పించాను.

మొదటాయన రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాడు, సర్వీసు 28 ఏళ్లు. గ్రాట్యుటీ లెక్క అందరికీ తెలిసిందే: చివరి బేసిక్, డి.ఏ. కలిపి 26తో భాగించి, 15తో, సర్వీసు సంవత్సరాలతో గుణించాలి. ఆయన బేసిక్‌లో వెయ్యి రూపాయలు కలిస్తే గ్రాట్యుటీ 16,153 రూపాయలు పెరుగుతుంది. అదే వెయ్యి స్పెషల్ అలవెన్స్‌గా వస్తే గ్రాట్యుటీలో పైసా కలవదు. ఆయనకు పెద్ద మొత్తం కంటే బేసిక్ ముఖ్యం.

రెండో ఆయనకు పన్నెండేళ్ల సర్వీసు. ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు, చీటీ కడుతున్నాడు. ఆయనకు ప్రతి నెలా చేతికొచ్చే డబ్బు కావాలి. బేసిక్‌లో వెయ్యి పెరిగితే పి.ఎఫ్. కింద 120 కోత పడుతుంది. అది తన ఖాతాలోకే పోతుందని, యాజమాన్యం మరో 120 కలుపుతుందని ఎంత చెప్పినా, "ఇప్పుడు ఫీజు కట్టాల గదా సార్" అన్నాడు. ఆయన మాట తప్పని నేను అనలేను.

మూడో అబ్బాయి చేరి ఐదేళ్లు. మొత్తం జీతం 19,600. ఇతని పేస్లిప్పు దగ్గర నేను ఆగిపోయాను. ఈ.ఎస్.ఐ. (కార్మికుడికి, కుటుంబానికి వైద్యం ఇచ్చే ప్రభుత్వ బీమా) జీతం పరిమితి అప్పటికి 21,000. మొదటి ఏడాది పెంపు మూడు వేలు పడినా ఇతను ఆ పరిమితి దాటుతాడు. నడుస్తున్న ఆరు నెలల చందా కాలం, దానికి వచ్చే లబ్ధి కాలం పూర్తయ్యేదాకా వైద్యం ఉంటుంది, తర్వాత ఉండదు. ఇంట్లో తల్లికి డయాలసిస్ నడుస్తోంది. జీతం పెరగడం వల్ల ఆ ఇల్లు నష్టపోతుంది. డిమాండ్ల పత్రంలో అరవైకి పైగా అంశాలున్నాయి, వీటిలో ఒక్కటి కూడా ఈ అబ్బాయి గురించి లేదు.

ఆ రాత్రి కమిటీతో ఈ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి కూర్చున్నాం. పది వేలు అన్న మాట మొదటిసారి ఎవరి నోటా రాలేదు. ఏ ముక్క ఎక్కడ పడాలన్నదే మాట్లాడారు. చివరికి మేం తయారు చేసుకున్న ప్రతిపాదన ఇది: పెంపులో సగానికి పైగా బేసిక్‌లోకి రావాలి, పిల్లల చదువు పేరుతో చేతికొచ్చే అలవెన్స్ ఒకటి ఉండాలి, ఈ.ఎస్.ఐ. దాటిపోయే వాళ్లకు, వాళ్ల మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకు కూడా కంపెనీ గ్రూపు వైద్య బీమా కట్టాలి. ఈ మూడూ వస్తే మొత్తం ఏడున్నర వేలకు దిగవచ్చు.

యాజమాన్యం బేసిక్ పెంచడానికి మొదట ఒప్పుకోలేదు, పి.ఎఫ్. భారం పెరుగుతుందని. ఇక్కడ సుప్రీం కోర్టు 2019 ఫిబ్రవరి 28న ఇచ్చిన తీర్పు పనికొచ్చింది. అందరికీ ఒకే రకంగా ఇచ్చే అలవెన్స్‌ను పి.ఎఫ్. లెక్కలో బేసిక్ జీతంగానే చూడాలని ఆ తీర్పు చెప్పింది. ఈ ఫ్యాక్టరీ పి.ఎఫ్.కు ఉండే జీతం పరిమితి (సీలింగ్) పెట్టకుండా పూర్తి జీతం మీద పి.ఎఫ్. కట్టేది. కాబట్టి స్పెషల్ అలవెన్స్ అని పేరు మార్చినంత మాత్రాన వాళ్లకు పి.ఎఫ్. మిగలదు. పైగా రేపు పి.ఎఫ్. ఇన్‌స్పెక్షన్ వస్తే బకాయిలు కట్టాల్సి వస్తుంది. ఇది మేం బెదిరింపుగా చెప్పలేదు. వాళ్ల ఫైనాన్స్ మేనేజర్‌ను పక్కన పెట్టుకునే చెప్పాం. ఆయన తల ఊపాడు. అప్పటి నుంచి బేసిక్ వాటా మూడు వేలు, మూడున్నర, నాలుగు అంటూ కదిలింది.

సెక్షన్ మీటింగులు, 2.88

మొత్తం మీద సంఘం 7,500 దగ్గర, యాజమాన్యం 6,900 దగ్గర ఆగిపోయాయి. అధ్యక్షుడు మాత్రం ఇంకా గేటు దగ్గరి మాట దగ్గరే ఉన్నాడు. చర్చల్లో కూర్చుంటాడు, లెక్కలు ఒప్పుకుంటాడు, సంతకం అనేసరికి మౌనం.

అందుకని జనవరిలో సెక్షన్ మీటింగులు మొదలుపెట్టాం. గేట్ మీటింగ్ పెట్టొద్దని నేనే కోరాను. నాలుగు వందల మంది ముందు ఎవరూ ప్రశ్న అడగరు, నినాదాలే వస్తాయి. గని, క్రషర్, కిల్న్, ప్యాకింగ్, మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లతో విడివిడిగా, షిఫ్టు మారే వేళ కూర్చున్నాం. ముసాయిదా అంతా ఇంగ్లీషులో ఉంది. కార్యదర్శి, నేను కలిసి దాన్ని మాట్లాడే తెలుగులోకి రాసుకుని, వాక్యం వాక్యం చదివాం. ప్రతి ఒక్కరూ తమ పేస్లిప్పు తెచ్చుకుని తమ లెక్క తాము వేసుకునేలా ఒక చిన్న కాగితం తయారు చేశాం.

ప్యాకింగ్ సెక్షన్‌లో డి.ఏ. క్లాజు చదువుతున్నప్పుడు లోడింగ్‌లో పనిచేసే ఒకాయన చెయ్యెత్తాడు. "సార్, ఇప్పుడు టైమ్ ఆఫీసోళ్లు పాయింటును 2.88తో గుణించి ఇస్తాండారు. ఇందులో ఆ గుణకారం యాడుంది?"

లేదు. దీని వెనక సంగతి ఇది. పారిశ్రామిక కార్మికుల ధరల సూచీని లేబర్ బ్యూరో ఇస్తుంది. అంతకుముందు 2001ని 100గా తీసుకుని లెక్కించేవారు. 2020 సెప్టెంబరు సూచీ నుంచి 2016ని 100గా తీసుకున్నారు. కొత్త సూచీని పాతదానికి కలపడానికి 2.88తో గుణించాలి. అంటే కొత్త లెక్కలో ఒక పాయింటు పాత లెక్కలో 2.88 పాయింట్లకు సమానం. మా పాత ఒప్పందం 2001 సిరీస్ మీద పాయింటుకు 20 రూపాయలు అంది. సిరీస్ మారాక టైమ్ ఆఫీసు గుణించి ఇస్తూ వచ్చింది, అది అలవాటుగా జరిగిపోయింది, కాగితం మీద ఎక్కడా లేదు. కొత్త ముసాయిదాలో ఎవరో శ్రద్ధగా సిరీస్ పేరు మార్చి 2016 అని రాశారు. పాయింటుకు 20 రూపాయలు అన్నది అలాగే ఉంచారు.

అక్కడికక్కడే నేల మీద కూర్చుని లెక్క వేశాం. కొత్త సూచీ నాలుగేళ్లలో 120 నుంచి 140కి పోయిందనుకుందాం. పెరిగింది 20 పాయింట్లు. ముసాయిదా ప్రకారం డి.ఏ. పెంపు 400 రూపాయలు. పాత పద్ధతిలో 20ని 2.88తో గుణిస్తే 57.6 పాయింట్లు, పాయింటుకు 20 చొప్పున 1,152 రూపాయలు. నెలకు 752 తేడా. ఇది డి.ఏ. కాబట్టి పి.ఎఫ్.లో, గ్రాట్యుటీలో కూడా తగ్గుతుంది, తర్వాతి ఒప్పందం కూడా ఆ తక్కువ దగ్గరే మొదలవుతుంది. మేం ఆరు వందల కోసం కొట్లాడుతున్నాం.

కొందరు కుర్రవాళ్లు ఇది మోసమని, వెంటనే గేటు దగ్గర చెప్పాలని లేచారు. నాకు అలా అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. పాత కాగితాన్ని కాపీ చేసేటప్పుడు జరిగిన పొరపాటులాగే ఉంది. కానీ నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది: మోసమని అందామా, ఊరుకుని మొత్తం అంకె కుదిరాక అడుగుదామా, ఇప్పుడే బల్ల మీద పెడదామా. మోసమని మైకులో అంటే వాళ్లు ఆ వాక్యాన్ని సమర్థించుకోవాల్సిన స్థితికి పోతారు. అంకె కుదిరాక అడిగితే, అంతా అయిపోయాక కొత్తగా మొదలుపెట్టారంటారు. ఇప్పుడే, ఒక ప్రశ్నగా అడగాలని తేల్చుకున్నాం.

తర్వాతి సమావేశంలో నేను అడిగింది ఒక్కటే: "ఈ ఒప్పందానికి మీరు వేసుకున్న ఖర్చు లెక్కలో డి.ఏ. ఏ పాయింటు మీద వేశారు?" ఫైనాన్స్ మేనేజర్ ల్యాప్‌టాప్ తెరిచి చూశాడు. వాళ్ల లెక్కలో 2.88 ఉంది. అంటే వాళ్లు తమ బోర్డుకు చూపిన ఖర్చులో ఆ డబ్బు ముందే ఉంది. క్లాజు సరిచేస్తే వాళ్లకు అదనంగా పడేది ఏమీ లేదు. ఇరవై నిమిషాల్లో మార్పు రాసుకున్నాం: కొత్త సిరీస్‌పై పాయింటుకు 57 రూపాయల 60 పైసలు, మళ్లీ సిరీస్ మారితే లేబర్ బ్యూరో ప్రకటించే లింకింగ్ ఫ్యాక్టర్ ప్రకారం రేటు దానంతట అదే మారాలి. ఆ రెండో వాక్యం లోడింగ్ కార్మికుడి సలహానే. ఆయన కొడుకు కాలంలో మళ్లీ ఎవరూ గుణకారం వెతుక్కోకూడదన్నాడు.

ఈ సంఘటన తర్వాత సెక్షన్లలో మాట మారింది. 752 రూపాయలు చూసినవాళ్లకు 7,500, 6,900 మధ్య తేడా అంత పెద్దగా అనిపించలేదు. ఆరు సెక్షన్లలో చీటీల మీద ఓటు పెట్టాం. ప్రశ్న అధ్యక్షుడే రాశాడు: "7,200 పెంపు, అందులో 4,200 బేసిక్, సవరించిన డి.ఏ., వైద్య బీమా, ఏప్రిల్ నుంచి బకాయిలు. వీటి మీద సంతకం పెట్టడానికి నాకు అనుమతి ఇస్తారా?" నాలుగింట మూడు వంతులకు పైగా అవునన్నారు. ఆ చీటీల సంచీ పట్టుకుని ఆయన గేటు దగ్గరకే పోయి, తన పాత మాట గుర్తుచేసి, అందరూ విడిపించారని చెప్పి దిగాడు. రెండో సంఘం వాళ్లు కూడా ఆ రోజు ఏమీ అనలేదు.

సంతకం ఎవరి ముందు

యాజమాన్యం నేరుగా ఇద్దరమే సంతకం చేద్దామంది. లేబర్ శాఖకు పోవడం వాళ్లకు చిన్నతనంగా ఉంది. అలా రాజీ ప్రక్రియకు బయట చేసుకున్న ఒప్పందం 18(1) సెక్షన్ కింద సంతకం పెట్టిన పక్షాలనే కట్టిపడేస్తుంది. రాజీ అధికారి ముందు 12(3) కింద చేస్తే, 18(3) ప్రకారం ఇతర సంఘం సభ్యులకు, రేపు చేరేవాళ్లకు కూడా వర్తిస్తుంది. ఇది మాకంటే మీకే రక్షణ, లేకపోతే రెండో సంఘం మర్నాడే వేరే డిమాండ్లు పెడుతుంది అని చెప్పాం. ఒప్పుకున్నారు. మే నెలలో సంతకాలయ్యాయి. పదమూడు నెలల బకాయిలు రెండు విడతల్లో వచ్చాయి.

బదులుగా సంఘం ఇచ్చింది కూడా ఉంది. ప్యాకింగ్‌లో కొత్త లోడింగ్ యంత్రం వస్తుంది, అక్కడ మిగిలే పర్మినెంట్ కార్మికులను వేరే సెక్షన్లకు మారుస్తారు, ఎవరినీ తీసేయరు. ఈ క్లాజు మీద ప్యాకింగ్ వాళ్లకు అసంతృప్తి మిగిలింది. అది న్యాయమైనదే.

ఇదే పనిలో ఉన్నవాళ్లకు

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. నేను పైన చెప్పిన సెక్షన్ నంబర్లు ఆనాటివి. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 14 రోజుల సమ్మె నోటీసు అన్ని పరిశ్రమలకూ తప్పనిసరి. ఒకటికి మించి సంఘాలున్న చోట 51 శాతం సభ్యత్వం ఉన్న సంఘమే యాజమాన్యంతో బేరమాడే ఏకైక సంఘం అవుతుంది. జీతం నిర్వచనంలో అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగం జీతంలోనే కలుస్తుంది. కాబట్టి మూడు పేస్లిప్పుల లెక్క ఇప్పుడు వేస్తే వేరుగా వస్తుంది. వేయడం మాత్రం మానకండి. కనీసం ముగ్గురివి, వాళ్లలో ఒకరు కొత్తగా చేరినవాళ్లు అయి ఉండాలి.

నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం కాంట్రాక్టు కార్మికులది. వాళ్ల కోసం ఒప్పందంలో ఒక్క క్లాజు లేదు. సమావేశం మినిట్స్‌లో రెండు వాక్యాలే ఉన్నాయి: జీతం ఏడో తేదీలోపు ఇప్పించాలి, క్యాంటీన్ రేటు అందరికీ ఒకటే ఉండాలి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే కంపెనీయే కట్టాలని 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టం అప్పటికే చెప్పింది, కాబట్టి మొదటిది కొత్తగా సాధించిందీ కాదు. వాళ్ల విషయం లాగితే అసలు ఒప్పందం ఆగిపోతుందని కమిటీ భయపడింది, నేను సరేనన్నాను. అప్పుడు నా వాదన, గుర్తింపు సంఘం సభ్యత్వంలో వాళ్లు లేరన్నది. మా సమ్మె నోటీసు పనిచేయకపోవడానికి ఒక కారణం, ప్యాకింగ్ నడపడానికి వాళ్లు ఉన్నారన్నది. ఈ రెండో వాక్యం నాకు అప్పుడే తెలుసు. అయినా దాన్ని మొదటి వాక్యం పక్కన పెట్టి చూడలేదు.

ఆ ఒప్పందం గడువు ఇప్పుడు మళ్లీ ముగింపుకొచ్చింది. కొత్త డిమాండ్ల పత్రం కోసం సెక్షన్ మీటింగులు మొదలవుతున్నాయి. మొదటిది ప్యాకింగ్‌లో, బి షిఫ్టు కాంట్రాక్టు కార్మికులు దిగే వేళ, రాత్రి పది దాటాక పెట్టుకున్నాం. పేస్లిప్పులు తెచ్చుకోమని చెప్పాం. చాలామందికి ఇవ్వరట. ముందు వాటిని ఇప్పించే పనితోనే మొదలుపెడుతున్నాం.